ఇత్తడి పోస్టు డబ్బా

ఆదివారం మధ్యాహ్నానికి బట్టలుతికే మిషన్ల షాపులో మనవాళ్ళు ముగ్గురే మిగిలారు. ఒకాయన మేడల మావయ్య. ఆయనకి మేడలున్నాయని కాదు, నోరు తెరిస్తే మేడలే కడతాడని ఆ పేరు. పని మాత్రం హోటల్లో గిన్నెలు తోమడం. ఇంకొకామె ఆస్పత్రి నర్సు. మూడోవాడు వెల్డరు కుర్రాడు, ఈ దేశం వచ్చి పన్నెండు రోజులైంది.

వెల్డరుకి ఉన్న దిగులల్లా ఒక్కటే. రేపు పొద్దున తొమ్మిదికల్లా ఫ్యాక్టరీలో ఒక అడ్రసు రాసివ్వాలి. పని పర్మిట్ ఆ అడ్రసుకే పోస్టులో వస్తుంది. ఈ ఊళ్ళో ఇంటి పోస్టు డబ్బా మీద పేరుంటేనే పోస్టుమాన్ ఉత్తరం వేస్తాడు, లేదంటే వచ్చిన దారినే వెనక్కి పంపేస్తాడు. వాడుండే హాస్టల్లో డబ్బా మీద ఎవరి పేరూ రాయనివ్వరు.

"అడ్రసు కోసం ఇంత బెంగా?" అన్నాడు మావయ్య, మిషన్లో గిరగిర తిరుగుతున్న తన లుంగీని చూస్తూ. "నేనొచ్చిన రోజే గది సంపాదించా, తెలుసా?"

"ఒక్క రోజులోనే?" అన్నాడు వెల్డరు. పొద్దున తను చూసొచ్చిన సంగతి ఇప్పుడే బయటపెట్టడం ఎందుకని అమాయకంగా మొహం పెట్టాడు.

"ఒక్క పూటలో. మెట్ల మీద నలభై మంది లైను, ఒక్కొక్కడి చంకలో ఇంత ఫైలు, జీతం కాగితాలు, పాత ఓనరిచ్చిన మంచివాడన్న ఉత్తరం. నా దగ్గరేముంది, బొటనవేలు తప్ప? వంటింట్లో కుళాయి కారుతోంది. వెళ్ళి బొటనవేలితో ఇలా ఒక్క నొక్కు నొక్కా. ఆగిపోయింది. ఓనరమ్మ కళ్ళు తుడుచుకుని, నాయనా, ఇది మా తాతగారప్పట్నుంచి కారుతోంది అని తాళంచెవి నా చేతిలో పెట్టేసింది."

"పోయిన వారం పిల్లిని చెట్టు దించినందుకు గది ఇచ్చిందన్నావుగా అన్నయ్యా?" అంది నర్సు.

"అది రెండో గది చెల్లెమ్మా. కంగారు పెట్టకు, వరసలో వస్తున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రాత్రి పడుకుంటే నా దిండు దొర్లుకుంటూ గుమ్మం దాకా పోయింది. చూద్దును కదా, బిల్డింగు మొత్తం మూరెడు పక్కకి ఒరిగి ఉంది. తెల్లారి ఇడ్లీ కూడా తినకుండా బయటికెళ్ళి భుజం ఆనించి చిన్నగా తోశా. గట్టిగా తోస్తే అటు పడిపోతుందేమోనని భయం కూడాను. నిలబడింది. ఏళ్ళ తరబడి బిగుసుకున్న తలుపులన్నీ వాటంతటవే తెరుచుకున్నాయి. అంతస్తుకో గది చొప్పున పదకొండు గదులు నా పేరు మీద రాసేశారు."

"భుజానికేమీ కాలేదా?"

"చొక్కా చిరిగింది. ఇక చూడు, వీధిలో ఓనర్లంతా నా గుమ్మం ముందు లైను కట్టారు, చేతుల్లో ఫైళ్ళు. మా ఇంట్లో ఉండండి సార్ అని. నేను ఊరుకుంటానా? పాత అద్దెవాళ్ళ దగ్గర మంచివాడన్న ఉత్తరం తెచ్చావా అని అడిగా. లేనివాణ్ణి వెనక్కి పంపేశా. ఆ లైను బస్టాపు దాటేసరికి బస్సుల దారే మార్చాల్సొచ్చింది. నాకొచ్చే ఉత్తరాలు మోయలేక పోస్టుమాన్ నడుం పట్టేసింది, పాపం. చివరికి ఊరివాళ్ళే బీరువా అంత పోస్టు డబ్బా చేయించారు నాకు. అచ్చమైన ఇత్తడి. నా పేరు ఒక్కో అక్షరం అరచేయంత. సాయంత్రం ఎండ పడిందంటే, విమానాలు దాని మెరుపు చూసుకునే కిందికి దిగుతాయి."

మిషన్ ఆగింది. మావయ్య లుంగీ తీసి పిండుతున్నాడు.

"మావయ్యా," అన్నాడు వెల్డరు మెల్లిగా, "వీధిలో ఎవర్నడిగినా మీ బిల్డింగు చూపిస్తారని మొన్న అన్నారు కదా. పొద్దున వెళ్ళొచ్చా."

పిండుతున్న చేతులు ఆగాయి.

"డబ్బా రేకుదే. మూతకి సొట్ట. దాని మీద నాలుగు పేర్లున్నాయి. వాటి కింద అయిదోది మీది, తెల్ల ప్లాస్టరు ముక్క మీద నీలం పెన్నుతో."

"ఆ ప్లాస్టరు నేనిచ్చిందే," అంది నర్సు, తన బట్టలు మడతపెట్టుకుంటూ. "అన్నయ్యకి గది దొరకడానికి ఏడు నెలలు పట్టింది. అప్పటిదాకా మా మెట్ల కిందే పడుకున్నాడు."

మావయ్య లుంగీని నాలుగు మడతలు పెట్టాడు. మళ్ళీ విప్పి ఎనిమిది పెట్టాడు.

వెల్డరుకి నవ్వు రాలేదు. "ఎగతాళికి చెప్పలేదు మావయ్యా. మీ పేరు కింద కాస్త ఖాళీ కనబడింది. అది అడుగుదామనే వెళ్ళా."

మావయ్య లుంగీని సంచీలో కుక్కాడు. సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

"అరంగుళం ఉంటుంది," అన్నాడు. "ఇంటిపేరు పొట్టిగా రాసుకో. చెల్లెమ్మా, ప్లాస్టరుందా?"

నర్సు బ్యాగులోంచి ప్లాస్టరు చుట్ట తీసి, ఒక ముక్క చింపి వెల్డరు వేలికి అంటించింది. వాడు అది ఎక్కడ ఊడిపోతుందోనని వేలు పైకెత్తి పట్టుకుని మావయ్య వెనకే నడిచాడు.

గుమ్మం దాటుతూ మావయ్య వెనక్కి తిరిగాడు.

"గట్టిగా నొక్కి అంటించు అల్లుడూ. ఇత్తడి మీద ప్లాస్టరు ఓ పట్టాన నిలవదు."