ఓడ కట్టేటప్పుడు వినే పాట

వెనకగదిలో బల్ల మీద మూడు కొయ్యల తెరచాప ఓడ మోడల్. బొమ్మ మోడళ్లు కట్టేవాళ్ల సంఘం సంచికకి ఆయన వ్యాసం చెబుతున్నాడు, భార్య ఫోన్లో టైపు చేస్తోంది. ఆయన రెండు చేతులూ నడిమి కొయ్యని పట్టుకుని ఉన్నాయి. జిగురు ఆరేదాకా వదలడానికి లేదు.

"...'సంగీతం లేని జిగురు అతకదు' అని రాశావా?"

"రాశాను. జిగురుకి సంగీతమెందుకండీ?"

"నీకు తెలీదులే. మా ప్రెసిడెంటు గారు డ్రమ్ములు మోగితే గాని యుద్ధట్యాంకు చక్రం బిగించరు. పళ్ల డాక్టరు లేడూ, విమానాలు చేస్తాడే, ఆయనకి విరహగీతాలు కావాలి. రెక్క అంటిస్తూ కళ్లనీళ్లు పెట్టుకుంటాడట. గ్రూపులో రాస్తే అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు."

"ఆయన పన్ను పీకితే మనం కదా కళ్లనీళ్లు పెట్టుకునేది."

"నవ్వకు. ఇది చాలా సీరియస్ విషయం. పాటలో మాటలుండాలా వద్దా అని సంఘం రెండుగా చీలిపోయింది. మాటలుంటే చెయ్యి వణుకుతుందని ఒక వర్గం, మాటల్లేకపోతే నిద్రొస్తుందని ఒక వర్గం. రైలుబొమ్మలాయన, బస్సుబొమ్మలాయన మాట్లాడుకోవడం మానేశారు."

"మీరే వర్గం?"

"నేను మధ్యస్థుణ్ని."

"అంటే?"

"ఎవరు మాట్లాడినా తలూపుతాను. సరే, రాయి. 'ఓడ అడుగుభాగం చెక్కేటప్పుడు నేను వీణ వింటాను. తాళ్లు కట్టేటప్పుడు వేణువు. ఇక నడిమి కొయ్య నిలబెట్టే ఘట్టంలో...'"

"ఘట్టంలో."

"'...వయొలిన్ తప్ప ఇంకేదీ నా చెవికి ఆనదు.'"

"ఎవరి వయొలిన్?"

"ఎవరిదేంటి? వయొలిన్."

"వాయించినవాళ్ల పేరు రాయాలి కదండీ. చదివినవాళ్లు అడగరూ?"

"పేరు... అదీ... ముసలాయన. గడ్డం ఉంటుంది."

"వినేటప్పుడు గడ్డం కనిపిస్తుందా?"

"కవరు మీద ఉంటుందే! అబ్బ, పేరు నాలిక చివర ఉంది. తర్వాత చేరుద్దాంలే."

"తర్వాతెందుకు? మీ హెడ్‌ఫోన్స్ ఇక్కడే ఉన్నాయిగా. ఒకసారి పెట్టుకుని చూస్తే తెలిసిపోతుంది."

"వద్దొద్దు! ముట్టుకోకు, దానికి రంగంటింది."

"ఆరిపోయిన రంగే. ఏదీ, ఇది నొక్కాలా?"

"నేను చెబుతాగా, అక్కడ పెట్టెయ్."

"లైటు వెలగదేంటి?"

"ఛార్జింగ్ అయిపోయుంటుంది."

"ఛార్జింగ్ వైరేదీ?"

"ఎక్కడో ఉంటుంది."

"ఎక్కడో అంటే? మీ పుట్టినరోజుకి నేనే కొన్నాను కదా. వైరు కట్టిన చుట్ట కట్టినట్టే డబ్బాలో అటక మీద ఉంది. మొన్న దుమ్ము దులుపుతుంటే చూశాను."

"అదే మరి, అటక మీదే ఉంటుంది."

"ఎప్పటినుంచి పనిచెయ్యట్లేదు ఇది?"

"ఈ మధ్యే."

"ఏ మధ్య?"

"కొన్న... కొన్న వానాకాలంలోనే. కిటికీ దగ్గర పెట్టాను, జల్లు పడింది."

"పోయినేడు వానాకాలమా?"

"అంతకు ముందుది."

"అంటే ఇన్నాళ్లూ మూగ హెడ్‌ఫోన్స్ చెవులకి తగిలించుకుని కూచున్నారా?"

"నువ్వు ముచ్చటపడి కొన్నావు. పాడయిందంటే బాధపడతావని చెప్పలేదు."

"నా మీద ప్రేమన్నమాట."

"మరేంటి?"

"అయితే మీకు అన్నీ వినపడేవి."

"అన్నీ అంటే... అదేం మరీ... మెత్తలుంటాయి కదా, కొంచెం..."

"నేను కింద షాపుకెళ్తూ, కుక్కర్ చూడండి చూడండి అని మెట్లమీంచి అరిచాను. మాడి బొగ్గయింది. విన్నారా?"

"విన్నాను."

"విని లేవలేదా?"

"లేస్తే విన్నట్టు తెలిసిపోతుందిగా!"

"గ్యాసు అబ్బాయి బెల్లు కొట్టీ కొట్టీ వెనక్కి వెళ్లిపోయాడు."

"మీ తమ్ముడేమో అనుకున్నాను."

"పక్కింట్లో పొగ అని మెట్ల మీద అందరూ పరిగెత్తారు. మీరు కూచునే ఉన్నారు. నేనొచ్చి భుజం పట్టి కుదిపితే, హెడ్‌ఫోన్స్ తీసి, 'ఏమైంది?' అన్నారు. ఎంత బాగా అన్నారండీ!"

"ఇటు వాసన రాలేదు కదా. వస్తే లేచేవాణ్ని."

"మా తమ్ముడు వచ్చినప్పుడు? హాల్లో మాట్లాడినవి?"

"అగ్గిపుల్లల ఇంజనీరు అన్నాడు నన్ను."

"అది వినీ, వాణ్ని నవ్వుకుంటూ బస్టాండుదాకా దిగబెట్టి వచ్చారా?"

"మొహం ముడుచుకుంటే విన్నట్టేగా. మీ అమ్మగారు ఇంకా పెద్దమాట అన్నారు, దానిక్కూడా నవ్వాను. ఆవిడ అదిరిపోయింది, అల్లుడికి ఏదో అయిందని."

"ఎందుకండీ ఈ అవస్థ? హెడ్‌ఫోన్స్ పక్కన పడేసి మామూలుగా కూచుంటే సరిపోదూ?"

"మామూలుగా కూచుంటే జవాబు చెప్పాలి."

"దేనికి?"

"అన్నిటికీ. ఆఫీసులో పొద్దస్తమానం జవాబులే. బీమా డబ్బు ఎందుకు రాలేదని అడిగేవాడికి జవాబు, ఎందుకిచ్చారని అడిగే మేనేజరుకి జవాబు. ఇంటికొస్తే నువ్వడుగుతావు, పక్కింటాయన అడుగుతాడు, ఎన్నికల వాళ్లు అడుగుతారు. వినడం నాకు ఇష్టమేనే. నిజంగా ఇష్టం. జవాబు చెప్పడమే చేతకాదు."

"ఓహో."

"ఇవి చెవులకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. పాపం సంగీతం వింటున్నాడు అనుకుంటారు. గౌరవం కూడా."

"ఇంతకీ పాటలు లేకుండా ఏం విన్నట్టు మీరు? వీణా లేదు, వేణువూ లేదు, గడ్డమాయనా లేడు."

"ఏదో ఒకటి వినపడుతుందిగా ఇంట్లో."

"ఏదో ఒకటంటే?"

"నువ్వు పాడతావు కదా."

"నేనా? నేనెక్కడ పాడతాను?"

"గిన్నెలు తోముతూ. డ్యూటీకి వెళ్లేముందు యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటూ. పాటంటే పాట కాదులే, కూనిరాగం. పల్లవి అయ్యాక చరణం ఎత్తుకుంటావు, పైకి వెళ్లాల్సిన చోట గొంతు అందక మళ్లీ పల్లవికి వచ్చేస్తావు. అలా తిరుగుతూనే ఉంటుంది. ఈ తాళ్లన్నీ దాంతోనే కట్టాను. ఏంటలా చూస్తావ్?"

"నాకే తెలీదు, అక్కడ గొంతు అందదని."

"నువ్వు సెలవు పెట్టి మీ అక్క వాళ్లింటికి వెళ్లావే, అప్పుడు పని ముందుకి సాగలేదు. ప్రెసిడెంటు గారు ఏమైందంటే కర్ర మంచిది దొరకలేదని చెప్పాను."

"అయితే అదే రాయనా? 'ఓడ కట్టేటప్పుడు మా ఆవిడ కూనిరాగం వింటాను' అని?"

"నీకు పిచ్చా? సంఘమంతా నవ్వుతుంది! పళ్ల డాక్టరు ఊరుకుంటాడా? వయొలిన్ అనే ఉంచు."

"వయొలినే?"

"వయొలినే. గడ్డం సంగతి తీసెయ్."

"తీసేశాను. ఇంకొకటి అడగనా?"

"కొయ్య కదులుతోంది, ఆగు."

"మీరు కదులుతున్నారు, కొయ్య కాదు. పోయిన నెల నేను వరండాలో ఫోన్లో మాట్లాడాను. మీరు ఇక్కడే కూచున్నారు, కిటికీ తీసే ఉంది."

"ఏ రోజు?"

"మీకు తెలుసు ఏ రోజో."

"రోజూ మాట్లాడతావు ఫోన్లో..."

"ఏం విన్నారో చెప్పండి."

"అదీ... మీ అక్కతో ఏదో... ఆస్పత్రి సంగతి."

"ఏం సంగతి?"

"రేవు ఊళ్లో పెద్దాస్పత్రి వాళ్లు పిలిచారని. నర్సులందరికీ పైన నువ్వేనని."

"ఇంకా?"

"జవాబు చెప్పడానికి నెలాఖరుదాకా టైమిచ్చారని."

"ఇంకా?"

"ఇంకేముంది?"

"ఇంకా ఉంది."

"...క్వార్టర్స్ ఇస్తారని. కిటికీలోంచి రేవు కనిపిస్తుందని. ఈయన జీవితమంతా ఓడలు కట్టాడు గాని నిజం ఓడ ఒక్కటి చూసిన పాపాన పోలేదు, ఈయనకి బాగుంటుంది, అన్నావు."

"అన్నీ విన్నారన్నమాట. ముక్క వదలకుండా."

"'రమ్మంటే వస్తారో రారో, అడగాలంటే భయంగా ఉంది' అని కూడా అన్నావు."

"విని ఏం చేశారు?"

"ఆ రోజు ఈ ముందు కొయ్య తాడు మూడుసార్లు తెగింది."

"తాడు సంగతి కాదు."

"ఏమనమంటావు? వెళ్లొద్దంటే పాపం కదా, ఇన్నేళ్ల సర్వీసు నీది. వెళ్లమంటే... వెళ్లిపోతావుగా. ఏ మాటన్నా విన్నట్టు తెలిసిపోతుంది."

"ఆ ఒక్కటే మీ భయం."

"అదొక్కటే కాదు. నేను ట్రాన్స్‌ఫర్ అడగాలి. మేనేజరు ఎందుకంటాడు, జవాబు చెప్పాలి. ఈ ఓడని ఎలా తీసుకెళ్తాం? లారీలో వేస్తే కొయ్యలు నిలుస్తాయా? పైగా అక్కడ కిటికీలో నిజం ఓడలుంటే ఇది ఎవడు చూస్తాడు?"

"ఓడలు మీకు పోటీయా?"

"నువ్వు నాతో తిన్నగా అడిగుంటే ఆలోచించేవాణ్ని."

"మీ చెవుల్లో వయొలిన్ మోగుతోంది కదండీ. ఎలా అడగను?"

"సర్లే. అయిందేదో అయింది. నెలాఖరుకి ఇంకా..."

"నెలాఖరు నిన్న."

"నిన్ననా? అయితే... అయితే గడువు దాటిపోయినట్టేగా."

"దాటక ముందే జవాబు పంపాను. సోమవారం చేరుతున్నాను."

"చేరుతున్నావా? సోమవారమంటే... నాతో ఒక్క మాట..."

"ఫ్యామిలీ క్వార్టరా, ఒంటి గదా అని అడిగారు. ఎవరెవరు వస్తారంటే ఏం చెప్పాలో నాకు తెలియలేదు. ఒంటి గది తీసుకున్నాను."

"ఒంటి గదా!"

"మీ కొయ్య..."

"కొయ్య పోతే పోయింది! ఉండు, ఇటు చూడు. నేను వస్తాను. మేనేజరుకి నేనే చెప్పుకుంటాను."

"అతుక్కోలేదు, చూడండి, పడిపోయింది."

"పడనీ! అసలు నాకు కడుపు మండేది ఎక్కడో తెలుసా? నాతో చెప్పాల్సిన మాట తీసుకెళ్లి మీ అక్కతో చెప్పావు. కట్టుకున్నవాణ్ని, పక్క గదిలోనే ఉన్నాను. ముందు ఆవిడకి తెలియాలా, నాకా?"

"అక్కయ్యకి ఇంతవరకూ ఏమీ తెలీదండీ."

"తెలీకపోవడమేంటి? వరండాలో అంతసేపు మాట్లాడావుగా ఆవిడతో! నా చెవులతో విన్నాను."

"ఆ ఫోన్లో అటువైపు ఎవరూ లేరు. నేను కూనిరాగం తీస్తుంటే ఇక్కడ మీ కాలు తాళం వేస్తోందని ఎప్పుడో చూశాను, అందుకే ఆ మాటలన్నీ కిటికీ దగ్గర నిలబడి మీతోనే చెప్పాను."