చెరిపేసిన గైడు

రాయ్‌పూర్ రైల్వే కాలనీలో నీలిమ వాళ్ల డాబా. బడిలో సైకాలజీ చెప్పేవాళ్లు లేక నీలిమా, వీణా గైడులు పట్టుకుని సొంతంగా చదువుకుంటున్నారు. పరీక్ష ఇంకా పన్నెండు రోజులుంది. కాలనీలో వీళ్లకి సీనియర్ చాందిని ఢిల్లీ వెళ్తూ ఇచ్చిన పాత గైడు నీలిమ దగ్గరుంది.

"అది కాదు వీణా, గైడు రెండ్రోజులకని పట్టికెళ్లేవు. మెమరీ చాప్టర్ ఇలాగెలాగయిపోయింది?"

"ఎలాగుంది? బాగానే ఉంది కదా."

"తెల్లగుంది. చాందిని అక్క పెన్సిల్‌తో రాసిన నోట్సేదీ?"

"పెన్సిలు కదా. పాతబడితే పోద్ది."

"సోమవారం దాకా ఉన్నది బుధవారానికి పోద్దా? రబ్బరు పొడి ఇంకా పేజీల మధ్యనే ఉంది."

"సరే, నేనే చెరిపీసేను. గైడు తిరిగిచ్చీముందు చెరపాలి కదా. కాలనీలో అందరం చేసీదే."

"నీ రాత చెరపాలి. అక్క రాత కాదు."

"ఏది ఎవరిదో నాకెలా తెలుస్తాది?"

"దీన్నే రేషనలైజేషన్ అంటారు. తప్పు చేసీసి కారణం వెతుక్కోడం. మోవా వెళ్లే ఆటో నంబరు రెండు నిమిషాల్లో మర్చిపోడం షార్ట్ టర్మ్ మెమరీ అని ఎంత బాగా రాసింది అక్క..."

"తెలుసు. చదివేకే చెరిపేను."

"చదివేకా?"

"మూడుసార్లు చదివేను. తర్వాత రబ్బరు పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి నొప్పెట్టింది కూడా."

"ఎందుకే?"

"ఎందుకేటి. కుళ్లు. అంతే. రెండేళ్లు అక్క వెనకాల తిరిగింది నేను. ఢిల్లీ వెళ్లినరోజు స్టేషన్‌లో సూట్‌కేస్ మోసింది నేను. గైడేమో నీకు."

"వీణా..."

"ఉండు, చెప్పనీ. మాక్ టెస్టులో నీకు నూట అరవై, నాకు నూట పది. ఆ గైడు లేకపోతే నీకూ అంతే వచ్చీది. రోజూ ఇదే అనుకుంటన్నాను. నీ పక్కన కూర్చుని మీ అమ్మ చేసిన పకోడీ తింటూ కూడా ఇదే."

"నాతో చెప్పొచ్చు కదా."

"ఏటని? నాకిచ్చీ అనా? అడిగితే ఇచ్చీదానివా?"

"ఉండు, ఈ రబ్బరు పొడి దులపనీ."

"చూసేవా, మాట తప్పిస్తావు. తిట్టు. మా అమ్మకి చెప్పు."

"చెప్పను."

"ఎందుకు? మంచిదానివనిపించుకోడానికా?"

"కాదు. ఇదిగో గైడు, ఆ బ్రౌన్ పేపర్ అట్ట తియ్యి."

"అట్టెందుకిప్పుడు?"

"తియ్యవే."

"ఏటుంది ఇక్కడ... ఇది అక్క రాత. 'మా వీణకి, బాగా చదువుకో'... నీలిమా, ఏటిది?"

"ఆరోజు నువ్వు నీళ్ల సీసాకి వెళ్లేవు. ఇంతలో బండి కదిలిపోయింది. వీణకిచ్చీ అని అక్క ఈ గైడు కిటికీలోంచి నా చేతిలో పెట్టింది. ఇంటికొస్తూనే నేను అట్ట వేసీసేను."