అబెయన్సు మాట

తాలూకాకు పోయే బస్సు ఇంకా రాలే. ఎండ నెత్తి మీదికెళ్లి దిగుతలేదు. కొండగట్టు తొవ్వల సారయ్య చాయ్ హోటల్ బల్లల మీద కూసున్నోళ్లకు మాట్లాడుకునే ఓపిక సుత లేదు. ఆ ఓపిక ఉన్నది ఒక్క రాయమల్లుకే. తాసిలు కచేరిల ఇరువై ఏండ్లు చప్రాసి పని చేసి నిరుడు నౌకరి దిగిన మనిషి. ఇంట్ల ఆయన మాట ఎవలూ ఇనరు. అందుకని దినాం ఈడికచ్చి కూసుంటడు. ఈ కథ చెప్పి చెప్పి ఆయనకే యాష్టకచ్చింది గని, ఊకుందామంటే పానం పట్టది.

"నాకు ఇంగ్లీషు రాదు. కానీ తాసిల్దారుకు రాని ఇంగ్లీషు మాట ఒక్కటి వస్తది" అని మొదలువెట్టిండు.

"ఏందది?" గిలాసలు కడుగుకుంటనే అడిగిండు సారయ్య.

"అబెయన్సు. ఉర్దూ కాయిదాలు పోయి ఇంగ్లీషు కాయిదాలు దిగినయి సూడు, గప్పుడు హైద్రాబాదు నుంచి వచ్చింది గీ మాట. తాసిల్దారు చూసిండు, తెల్వలే. పెద్ద గుమాస్తా చూసిండు, తెల్వలే. డిక్షనరీ తీస్తే సరిగ్గా గా పుటనే చెదలు తిన్నయి. నేను కుండల నీళ్లు ముంచుకుంట అన్న, 'దొరా, గది కాదనుడు కాదు, అయితదనుడు కాదు, ఏడిదాడ ఆపి పెట్టుడు' అని. ఉత్తగ అంటే పని చెయ్యది మల్ల. దాని ముంగట 'ఇన్' అనాలె, ఇన్ ముంగట 'కెప్ట్' అనాలె. కెప్ట్ ఇన్ అబెయన్స్. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"చెప్పు" అన్నడు పక్క బల్ల మీది అంకయ్య, కండ్లు మూసుకొనే.

"కలెక్టరు నాకోసం జీపు పంపిండు. ధర్మపురి కాడ గోదారి మెట్లెక్కి వస్తున్నది, జనమంత పరేషాన్. ఒడ్డు మీద నిలవడి గా మాట అన్న. నీళ్లు గోడ లెక్క నిలవడ్డయి. ఎగిరిన చేపలు ఎగిరినట్టే గాలిల ఉంటే బెస్తోళ్లు కాయలు తెంపినట్టు తెంపుకున్నరు. మర్లి వచ్చేటప్పుడు అడివిల పులి దుంకింది, దానికీ గదే మాట. ఇంకా గాలిలనే ఉన్నదట, దాని నీడకు మ్యాకలు పండుకుంటున్నయట."

"జర కిందికి దించరాదు, పాపం" అన్నడు సారయ్య.

"ఇను. మొన్న కార్తీకంల యముని మనిషి వచ్చిండు, చేతుల నా కాయిదం వట్టుకొని. గుంజుకొని దాని మీద గదే మాట రాసిన. నా సావు గిప్పుడు అబెయన్సుల ఉన్నది."

కథ అయ్యేసరికి రాయమల్లు గొంతు అలిసిపోయింది. అంకయ్య ముక్కుతోని నవ్విండు. బల్ల కొసకు బస్సు కోసం కూసున్న ముసలామె, భూమవ్వ, నవ్వలే.

"అన్నా, గా మాటకు ఆపి పెట్టుడేనా అర్థం?"

"గదే."

ఆమె సంచిల నుంచి మడతలు నలిగిన కాయిదం తీసింది.

"నా పెనిమిటి పోయినంక రెండెకరాల పట్టా నా పేర చెయ్యమని దరఖాస్తు పెట్టిన. ఆరేండ్ల కింద గిది చేతికిచ్చిండ్రు. కచేరి మెట్ల మీద చదివింది నువ్వే. గీ అబెయన్సు మాటనే పలికి, సర్కారు నీకు అభయం ఇచ్చింది అక్కా, ఫికర్ చెయ్యకుంట ఇంటికి పో అన్నవు. దేవుని గూట్ల పెట్టి దినాం దండం పెట్టిన. మొన్న మా మరిది నా చెలకల నాగలి కట్టిండు."

రాయమల్లు కాయిదం అందుకున్నడు. తలకిందుల పట్టుకున్నడని సారయ్యకు కనవడ్డది.

"నాకు చదువ రాదక్కా. చదివినట్టు చేసిన. లోపల గుమాస్తా అంటుంటే అభయం లెక్కనే ఇనవడ్డది. అసలు అర్థం ఎరుకైనంక నీ ఊరికచ్చి చెప్పాలె అనుకున్న. నాలుగు కోసుల దూరం. రాలే."

భూమవ్వ ఆయనను తిట్టలే. తిట్టే సత్తువ ఆమెకు లేదు.

"నేను కచేరికే పోతున్న. నాతోని వచ్చి, అభయమని నాకు తప్పు చెప్పిన గీ మాట గుమాస్తా ముంగట చెప్పు."

"చప్రాసిని. గిప్పుడు గది సుత కాదు. ఆడ నన్ను కూసోమని కూడ అనరు."

"నిలవడే చెప్పు."

దుమ్ము లేపుకుంట బస్సు వచ్చింది. భూమవ్వ ఎనుకకు చూడకుంట ఎక్కింది. రాయమల్లు తువ్వాల భుజాన ఏసుకొని, మోకాలు వట్టుకొని లేచి, ఆమె ఎనుక ఎక్కిండు. లోపల జాగ లేదు. కచేరి వచ్చేదాక ఇద్దరూ నిలవడే పోయిండ్రు.