పార్కుకి ఒక పెట్టెడు తేనెటీగలు

పూండికి అవతల ఉద్దానంలో ఒక ఊరు. పూత మీదున్న జీడితోటలో కాసులమ్మ. పక్కనున్న ఊరి పార్కులోంచి కంచె దాటి వచ్చినవాడు ఆమె పెనిమిటికి అన్న వైకుంఠరావు, పార్కు కమిటీ ప్రెసిడెంటు.

"అరువంటే అరువే కాసులమ్మా. రేపు పొద్దున పట్టుకెల్తాను, మద్దేన్నానికి తెచ్చి పడేత్తాను."

"తేనీగల్ని అరువిమ్మంటన్నావేటి బావా!"

"పెల్లిసూపులకి పక్కింటి కుర్సీలు తెచ్చుకోమా? పక్కింటి గొలుసు మెడలో ఏసుకోమా? ఇదీ అంతే."

"కుర్సీ కుట్టదు బావా."

"కుట్టకండా నువ్వు సెప్పు. నీ మాటింటాయి గదా అవి."

"నా మాట నీ తమ్ముడే ఇనడు."

"నవ్వులాట కాదే. రేపు పది గంటలకి జిల్లా నుంచి మేడమ్ వత్తందని ఫోనొచ్చినాది. తేనీగలకి, సీతాకోకలకి మన పార్కు ఎలాగున్నాదో సూత్తాదట. ప్రైజు!"

"ప్రైజని ఎవురు సెప్పినారు?"

"కాగితమొచ్చినాది. ఇంగ్లీషుది. కింద ఇంతేసి సీలు. తిట్టడానికి అంత సీలెయ్యరు గదా?"

"సదివించినావా?"

"సదివించడానికేటున్నాది? పార్కు పేరున్నాది, నా పేరున్నాది. దండలకి సెప్పేసినాను."

"ఉన్న పువ్వులు పీకించేసి దండలేటి? తుమ్మి, గడ్డిసేమంతి, ఒక్క మొక్కయినా ఉంచినావా?"

"పిచ్చి మొక్కలే అవి! మేడమ్ సూత్తే అసయ్యంగా ఉండదా? సిమెంటు పోయించినాను. పలాస నుంచి పలాస్టిక్ పువ్వులు తెప్పించినాను. వాటికి అత్తరు కూడా కొట్టించినాను."

"ఈగలొచ్చినాయా?"

"రెండొచ్చినాయి. లచ్చివారం మందు కొట్టించేసినాను."

"ఎందుకు బావా!"

"మేడమ్‌ని కుడితే?"

"మేడమ్ వత్తంది వాటిని సూడ్డానికే గదా?"

"గోడ మీద ఉన్నాయి గదా సూడ్డానికి! నూట ఎనిమిది బొమ్మలేయించినాను. పెద్దదానికి నా మొహం ఎట్టినాడు పెయింటరు."

"కొండి ఎట్టినాడా?"

"ఎట్టినాడు. తప్పు జాగాలో ఎట్టినాడు, మీసం లాగున్నాది. అదొగ్గేయి. బొమ్మలు కదలవు, అదీ బాధ. యాభై ఈగలు సాలు. మగవి ఇయ్యి, అవి కుట్టవంట."

"మగవి ఏ పనీ సెయ్యవు బావా. తిని కూకుంటాయి."

"అలాటివే కావాలి."

"మీ కమిటీ నిండా ఉన్నారు గదా."

"ఇత్తావా, ఇయ్యవా?"

"ఇటు సూడు బావా. మూడు పెట్టెలుండేవి నాకు. మీ పార్కులో మొదటిసారి మందు కొట్టినాక ఒకటి పోనాది. మొన్న లచ్చివారం ఇంకోటి. సచ్చిన ఈగల్ని సీపురెట్టి ఊడిసి గంపకెత్తినాను. ఇదొక్కటే మిగిలినాది. పూత ఇరగబూసినాది. ఈగ వాలకపోతే జీడిపిక్క కట్టదు. పిక్క కట్టకపోతే ఈ ఏడాది ఏటి తిని బతుకుతాము?"

"ప్రైజొత్తే నీకూ పేరొత్తాది."

"పేరు ఉడకెట్టుకోవాలేటి?"

"అంతకోపమయితే ఎలాగే? మనం మనం ఒకటి గదా."

"సరే, ఇత్తాను. ఆ మందు కొట్టే పంపు, డబ్బాలు నా కాడ ఎట్టు."

"ఓలమ్మ, ఎంత మంచి మాట! మేడమ్ కంట పడకండా ఎక్కడ దాయాలో తెలీక సత్తన్నాను. అయిగో, కంచె కాడే ఉన్నాయి. మూడు ఖాళీవి, ఒకటి సగం."

"ఏ రోజు కొట్టినారో సెప్పు."

"అదెందుకు?"

"ఏ మూల ఎప్పుడు కొట్టినారో తెలీకండా ఈగల్ని ఎలాగ ఒగ్గుతాను బావా? సత్తే మేడమ్ ముందర నీ పరువే పోతాది."

"నిజమే. పోయిన నెల అమాసకి ఒకసారి, మొన్న లచ్చివారం ఒకసారి. రెండుసార్లూ నానే నిలబడి పార్కంతా కొట్టించినాను."

"రాసియ్యి. నాను మర్సిపోతాను."

"ఇదిగో."

"సంతకం?"

"దీనికి సంతకం కూడానా?"

"ప్రెసిడెంటువి గదా బావా."

"అదీ నిజమే... ఇదిగో, తీసుకో. కాసులమ్మా, రేపు మేడమ్ నిన్నేటైనా అడిగితే నాలుగు మంచి మాటలు సెప్పు. అసలు నువ్వు మాటాడకపోతే ఇంకా మంచిది."

"మాటాడకపోతే ఎలాగ బావా? నీ మీద అర్జీ ఎట్టి ఆవిడ్ని రమ్మన్నదాన్ని నానే."