ఆరోగ్యమ్మ గంప

అబ్బబ్బ, జెల్ల చేపలు అలా తోమితే జిగురు పోతుందేంటే మంగా? బూడిద దండిగా వేసి రాయి మీద రుద్దు. ఆఁ, అలాగ. ఆరోగ్యమ్మైతే మాట్లాడుతూనే గంపెడు తోమేసేది. ఎవరా? మా దరియాలతిప్ప మనిషేలే, నువ్వు పుట్టకముందే పోయింది. కిరస్తానపు మనిషి. మొగుడు వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఉన్న ఒక్క కూతురు ఫిలోమినాని సాక్కుంటూ, మాతోపాటే చేపల గంప నెత్తినెట్టుకుని అవతలి ఊళ్ళకి అమ్మకానికొచ్చేది.

అప్పటికింకా యానాం ఫ్రెంచివాళ్ళదే. వాళ్ళు వెళ్ళిపోవడానికి రెండేళ్ళ ముందనుకో. ఇక్కడేమో బ్రాంది సీసా దుకాణంలో బాహాటంగా దొరికేది, పొలిమేర దాటితే నిషేధం. పొలిమేర మీద తనిఖీ చేసే నాకా ఉండేది, అక్కడ పోలీసులు గంపలన్నీ కెలికేవారు. అయినా మేం ఊరుకుంటామేంటి? పెదబాబని ఓ దుకాణందారు సీసాలిచ్చేవాడు, చేపల కింద దాచుకుని పోయేవాళ్ళం. నవ్వుతావేం? కడుపు కాలితే తెలుస్తుంది. ఆరోగ్యమ్మ మాత్రం ఒక్కటంటే ఒక్కటి ముట్టలేదు. "దొంగసరుకు మోసి, చేపలేనండీ అని అబద్ధమాడి, ఆదివారం పూజలో ఏ మొహం పెట్టుకుని మోకరిల్లనే?" అనేది. ఆ నాకా దగ్గరి జవానుకీ దాని సంగతి తెలుసు. దాని గంప వెతికేవాడు కాదు. "నువ్వు పదమ్మా" అనేవాడంతే.

అదే మాకు మంట. వెతకని గంప ఒకటుంది, అందులో పెట్టుకోనివ్వదు! మాలో వరలక్ష్మని నోరున్న మనిషి, మూతి తిప్పుకుంటూ, "మనమంతా పాపిష్టోళ్ళం, ఈవిడొక్కర్తే దేవుడికి మేనగోడలు" అనేది. చివరికి అందరం కట్టు కట్టాం, దాని గంపకి ఎవరూ చెయ్యి వెయ్యకూడదని. నిండు గంప ఒక్కర్తే నెత్తికెత్తుకోవడం ఎవరి వల్లా కాదు, ఎదురుగా ఇంకొకరు పట్టాలి. పట్టలేదు. ఏం చేసిందో తెలుసా, గంపని ముందు మోకాలి మీదకి, అక్కణ్ణించి పడవ అంచు మీదకి ఎక్కించి, కిందకి దూరి తల పెట్టి లేచేది. మెడ నరాలు తేలిపోయేవి. "ఒక్క సీసాకి ఊఁ అనవే, నీ కష్టం తీరిపోద్ది" అంటే, "ఎత్తకపోతే మానెయ్యండి. నేను మాత్రం అననంటే అనను" అని నడిచిపోయేది. ఏం మొండిదమ్మా! నాకు ఒళ్ళు మండిపోయేది.

నెల గడిచింది. ఓ పొద్దున నేనే వెళ్ళాను. "రావే ఆరోగ్యం, ఎత్తుతాను" అన్నాను. దాని మొహం ఎంత వెలిగిందనుకున్నావ్! అది అటు తిరిగి తలమీద చుట్టకుదురు సర్దుకునేలోపు రెండు సీసాలు చేపల కిందకి తోసేశాను. అవునే, నేనే. మీ అమ్మమ్మ వీరవేణే. అలా చూడకు, పని చూడు.

దారంతా నా పక్కనే నడిచింది. మాటిమాటికీ నా మొహంకేసి చూసేది. నాకా దగ్గర జవాను మామూలుగానే "నువ్వు పదమ్మా" అన్నాడు. ఇది కదల్లేదు. "ఆగండి బాబూ" అని కూలబడి, గంప దించి, సీసాలు రెండూ తీసి అతని ముందు పెట్టింది. "ఇవి నావి కావు. ఎవరివని అడగొద్దు, చెప్పను" అంది. ఎంత బతిమాలాడో! "పేరు చెప్పమ్మా, నిన్నొదిలేస్తాను." "చెప్పనయ్యా. నన్నే తీసుకెళ్ళండి." నేనక్కడే ఉన్నాను, ఇదిగో, ఈ గడపంత దూరంలో. వరలక్ష్మి నా రెక్క పట్టుకుని లాక్కుపోయింది.

స్టేషన్లో రెండు రోజులుంచారు. ఆ రెండు రోజులూ ఫిలోమినాకి అన్నం నేనే పెట్టాను. ఆ పిల్ల "వేణత్తా, వేణత్తా" అని వెనకాలే తిరుగుతుంటే సిగ్గేసిందే, చచ్చేంత సిగ్గేసింది. ఆరోగ్యం ఇంటికి రాగానే వెళ్ళి కాళ్ళ మీద పడ్డాను. "ఆ సీసాలు పెట్టింది నేనే" అన్నాను. "తెలుసు వేణీ. గంప నెత్తికి రాగానే బరువు తెలీదేంటి?" అంది. "మరి అప్పుడే తీసి నా మొహాన కొట్టలేకపోయావా?" అన్నాను.

"నువ్వే చెబుతావేమోనని దారంతా చూశాను" అంది.

ఆ బూడిద ఇలా తే, మిగిలినవి నేను తోముతాను.

గేటు చప్పుడైంది. ఎవరొచ్చారో చూడు.