రౌతు పోయాక

కొత్త కాపురంలో ఒక ఆదివారం పొద్దున. మంచం మీద లాప్‌టాప్‌లో యుద్ధాల ఆట, దాని ముందు మొగుడూ పెళ్ళాం, పక్కన చల్లారిపోయిన కాఫీలు.

"అయ్యో, నా రౌతు చచ్చిపోయాడు! ఇందాక సేవ్ చేసిన చోటికి వెనక్కి వెళ్దాం, ఆ యుద్ధం మళ్ళీ ఆడదాం."

"కుదరదు శ్రీవారూ. ఈ ఆటలో పోయినవాళ్ళు పోయినట్టేనని రూల్ పెట్టింది తమరే. నిన్న నా విలుకత్తె పోయినప్పుడు ఎంత బతిమాలాను?"

"ఆమె బాణం తగిలితే శత్రువుకి దురద పుట్టేది, అంతే! వీడు ఒక్కడే దండునంతా నరికేవాడు."

"అదే నా మంట! బలమంతా వాడికే కట్టబెట్టారు ఆట చేసినవాళ్ళు. నువ్వూ ప్రతిసారీ వాణ్ణే ముందుకు తోశావు. మిగతావాళ్ళు పోరాటం ఎప్పుడు నేర్చుకుంటారు?"

"మిగతావాళ్ళంటే ఎవరే? నీ వంటవాడు, నా లాంతరువాడు. ఎదురుగా కోటంత రాక్షసుడు. వీళ్ళూ పోతే మొత్తం మొదటినుంచి ఆడాలి, తల్లీ!"

"ఆడతాను. వెనక్కి మాత్రం వెళ్ళను. మౌస్ ఇటివ్వు."

"ఏం చేస్తావు?"

"గరిటెతో కొడతాను."

"పిచ్చిదానా... ఆగు. నీ వంటవాడి పక్కన నా లాంతరువాణ్ణి కూడా నిలబెట్టు. ఒంటరిగా పంపకు."

"ఇప్పుడు దారికొచ్చావు. ఊఁ, రమ్మను ఆ రాక్షసుణ్ణి!"