సెంట్రింగ్ విప్పిన శనివారం

తాగి పనిలకొచ్చిండని ఎవడన్నడు భీమక్కా? మూల మీద హోటలోడేనా? బస్సు దిగంగనే వాన్నే అడిగిన, సీతయ్య మేస్త్రి ఇల్లెక్కడని. "ఆ తాగి సచ్చినాయనదా?" అన్నడు. నా మొఖం మీదనే! మనిషి పోయి పదకొండు రోజులన్న కాలే. గట్ల అంటరా ఎవలన్న?

వద్దు, నీళ్లొద్దు. నువ్వు లేవకు. ఆ చింతపండు గింజ తీసుకుంటనే విను. నా మొఖం చూడకున్నా మంచిదే.

మీ ఆయన చెప్పే ఉంటడు నా ముచ్చట, ఖమ్మంల సర్కారు దవాఖానా నర్సమ్మ ఇంట్ల పని అని. అవ్, నేనే. ఆయన్ని తెచ్చిన రోజు దవాఖానాల నువ్వు నన్ను చూస్తివి గద. నేనే నీ దిక్కు చూడలే.

ఖానాపురం హవేలిల రెండు రూముల ఇల్లక్కా మాది. వంటిల్లు పెద్దగ చేసి, ముంగట పోర్టికో ఏద్దామనుకున్న. మా అన్న శ్రీధర్ ఏమన్నడో ఎరుకేనా? "కాంట్రాక్టర్‌కిచ్చి నీ డ్యూటీ నువ్వు చేసుకో ఉషా. ఇల్లు కట్టుడంటే సూది గుచ్చినంత అల్కగ కాదు" అన్నడు. చుట్టాలందరి ముందట నవ్విండు.

పౌరుషమొచ్చింది నాకు. కాంట్రాక్టర్ ఎందుకు? ఇటుక నేనే తెప్పిస్త, కరెంటాయన్ని నేనే పిలుస్త, దగ్గరుండి నేనే చేపిస్త అన్న. ఫోన్ల వీడియోలు చూసి చూసి సగం ఇంజినీరునైన అనుకున్న. ఏం జెప్పాలె!

మేస్త్రి మాత్రం దేవుని లెక్క దొరికిండు. ఇటుక వరస పెట్టిండంటే రెండు సార్లు మట్టం చూసుకునేటోడు. నేను తొందరపెడితే నవ్వెటోడు. "పోసిన స్లాబు పచ్చి బాలింత నర్సమ్మా. దాన్ని ఎప్పుడు లేపాల్నో నీకు నేను చెప్పాల్నా?" అనెటోడు.

హా... గదే చెప్పనీకొచ్చిన.

ఆ శనివారానికి పోర్టికో స్లాబు పోసి పన్నెండు రోజులైంది. దాని కింద ఆపుగ పెట్టిన కట్టెలు, రేకులు, అదే సెంట్రింగ్, గట్లనే ఉంది. తెల్లారితే ఆదివారం. అన్నోళ్లు భోజనానికొస్తున్నరు. నేనే పిలిచిన. వాకిట్ల గా కట్టెలు చూస్తే మల్ల నవ్వుతడు గద, నా బాధంత గదే. "సెంట్రింగ్ విప్పుదాం సీతయ్యా" అన్న.

వద్దన్నడక్కా! "ఇది గోడ దాటి బయటికొచ్చిన స్లాబు నర్సమ్మా, కింద గోడ లేదు. మూడు వారాలన్న ఉండనియ్యి" అన్నడు. నేను ఒప్పుకోలే. మల్ల చెప్పిండు. బతిలాడినట్టే చెప్పిండు.

నేనేమన్ననో ఎరుకేనా? "ఇల్లు నాదా, నీదా?" అన్న.

ఆయన తువ్వాల తలకు చుట్టుకున్నడు. కూలోళ్లను గేటు బయట నిలబడుమన్నడు. ఒక్కడే పోయిండు కిందికి. ఆయనకు తెలుసక్కా. తెలుసు కాబట్టే వాళ్లను రానియ్యలే.

అయ్యో, ఏడ్వకు... లేదు, ఏడువు. ఏడువక్కా. ఊకోమని చెప్పనీకి నేనెవల్ని?

తాగలే ఆయన. పొద్దుగాల నేనిచ్చిన చాయ్ తాగిండు, గంతే. స్టేషన్ల అడిగిన్రు, కాంట్రాక్టర్ ఎవలమ్మా అని. ఎవలున్నరు? అంత నేనేనాయె! విప్పుమన్నది ఎవలు అంటె నా పేరే చెప్పాలె. అన్న నా చెయ్యి గట్టిగ పట్టుకున్నడు. "మేస్త్రి తాగున్నడు సార్, ఎవ్వరికి చెప్పకుండ విప్పిండు" అన్నడు. వాళ్లు రాసుకున్నరు. నేను కింద సంతకం పెట్టిన.

హోటలోన్ని తిట్టి ఏం ఫాయిదా? వాడన్నది నా మాటే. ఖమ్మంల నేను పెట్టిన సంతకమే మీ ఊరు ములకలపల్లి దాకొచ్చి నీ ఇంటి ముందట కూసుంది.

నిన్న మల్ల పోయిన స్టేషన్‌కు. విప్పుమన్నది నేనే, ఆయన వద్దన్నడు అని రాసిచ్చిన. అన్న ఇప్పుడు నా ఫోన్ ఎత్తుతలేడు. కేసు నా మీదికే వస్తదట. నౌకరి ఏమైతదో. కానియ్యి. నువ్వు నన్ను మంచిదనాలని చెప్తలేను. నీ పిల్లలు రేపు ఈ తొవ్వల తలెత్తుకొని నడవాలె గద, అందుకు.

ఇంకొకటుందక్కా. అది కాయితంల రాయలే. నా మొగనికి కూడ చెప్పలే.

పెద్ద చప్పుడైంది. వంటింట్లకెల్లి ఉరికొచ్చిన. ఇరవై ఏండ్ల సంది నర్సును నేను. ఎక్కడ మనిషి పడ్డా నా చెయ్యి ముందుగాల నాడి మీదికి పోతది. ఆ రోజు దుమ్ముల ఆయన చెయ్యి కనపడ్తనే ఉంది. వేళ్లు కదుల్తనే ఉన్నయి.

నేను మీదికి చూసిన భీమక్కా. స్లాబు ఎంత మిగిలిందోనని.